బ్యాలెన్స్ కలవట్లేదా? ఖర్చుల యాప్‌లో అకౌంట్ డిలీట్ జోలికి ఇప్పుడే పోకండి

(మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున చెప్పిన మాటలు)

అందరికీ నమస్కారం అండి. వెనక ఉన్నవాళ్ళకి వినబడుతోందా? సరే. నేను పదిహేనేళ్ళుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నా, నా పనిలో సగం బీఆర్ఎస్. అనగానే కొందరు నవ్వుతున్నారు, పార్టీ కాదండి బాబూ, ఆ పార్టీకి ఆ పేరు రాకముందు నుంచీ మాకు బీఆర్ఎస్ అంటే బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్, అంటే మన పుస్తకంలో ఉన్న నిల్వ, బ్యాంకు పుస్తకంలో ఉన్న నిల్వ ఎందుకు కలవలేదో రాసుకునే కాగితం. ఇవాళ చెప్పేది కూడా అదే, కాకపోతే పుస్తకం బదులు ఫోన్‌లో యాప్ ఉంది.

మన కాలనీ గ్రూపులో వారానికి ఒకరైనా అడుగుతారు, ఖర్చుల యాప్‌లో బ్యాంకు అకౌంట్ సింక్ అవ్వట్లేదు, అంటే బ్యాంకు లెక్క యాప్‌లోకి రావట్లేదు, ఏం చేయాలి అని. వెంటనే నలుగురు చెప్పే సలహా ఒకటే, అకౌంట్ డిలీట్ చేసి మళ్ళీ యాడ్ చెయ్ అని. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదేనండి. డిలీట్ చేస్తే రెండేళ్ళుగా మీరు కూర్చుని పెట్టుకున్న కేటగిరీలు, నోట్లు చాలా యాప్‌లలో పోతాయి, మళ్ళీ యాడ్ చేస్తే పాత ఎంట్రీలు రెండోసారి వచ్చి పడతాయి, అప్పుడు ఒక సమస్య కాస్తా మూడవుతుంది.

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: చివరిసారి ఏ రోజు నిల్వ కలిసింది?

మా పక్క బ్లాక్ బాబాయ్ గారి ఫోన్ సంగతి చెప్తా, ఆయన ఒప్పుకున్నారు కాబట్టే చెప్తున్నా. యాప్‌లో 41,890 చూపిస్తోంది, బ్యాంకులో 39,530. తేడా 2,360. ఆయన ఏప్రిల్ నెల మొత్తం ఎంట్రీ ఎంట్రీ టిక్కు పెడుతూ కూర్చున్నారు, కళ్ళు పోయాయంటారు. అంత అవసరం లేదండి. స్టేట్‌మెంట్‌లో ప్రతి లైను పక్కన నిల్వ ఉంటది కదా, దాన్నే పట్టుకున్నాం. మార్చి 31న చూశాం, కలిసింది. ఏప్రిల్ 30, కలవలేదు. మధ్యలోకి వచ్చి 15 చూశాం, కలిసింది. 22 కలవలేదు. 19 కూడా లేదు. 17 కలిసింది. ఇంక 18, 19 రెండు రోజులే మిగిలాయి, చూస్తే 18న బ్రాడ్‌బ్యాండ్ బిల్లు, వెయ్యి ప్లస్ జీఎస్టీ, 1,180.

ఎంట్రీ ఉంది, మొత్తం కరెక్టే, మరి తేడా ఎక్కడిది? 2,360లో సగం ఎంతండీ? 1,180. మా సీనియర్ ఒకాయన నేర్పిన చిట్కా ఇది, తేడాని రెండుతో భాగించు, ఆ అంకె ఎక్కడైనా కనబడితే ఖర్చుని జమలో రాశావన్నమాట, తేడా తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతే 540 బదులు 450 లాగా అంకెలు తారుమారై ఉండొచ్చు అని. చేత్తో చిట్టా, ఆవర్జా రాసిన కాలం నాటి చిట్కా, యాప్ మీదా పనిచేసింది. జరిగింది ఏంటంటే ఆ యాప్ బ్యాంకు మెసేజ్‌లు చదివి లెక్క రాస్తది. కొన్ని బ్యాంకుల యూపీఐ మెసేజ్ ఎలా ఉంటదంటే, మీ అకౌంట్ ఇంత డెబిట్ అయింది, ఫలానా వాళ్ళకి క్రెడిట్ అయింది అని రెండు మాటలూ ఒకే లైన్లో. యాప్ ఆ రెండో మాట పట్టుకుని బాబాయ్ గారికి 1,180 ఆదాయం వచ్చిందని రాసేసింది. ఎంట్రీ తెరిచి ఆదాయాన్ని ఖర్చుగా మార్చాం, అర నిమిషం పని.

మెసేజ్‌లు చదివే యాప్‌లతో ఇంకో రెండు మూడు తలనొప్పులున్నాయి. ఐఫోన్‌లో వేరే యాప్‌లు మెసేజ్‌లు చదవడానికి వీల్లేదు, కాబట్టి ఆండ్రాయిడ్ నుంచి మారినవాళ్ళు యాప్‌ని తిట్టి లాభం లేదు. ఆండ్రాయిడ్‌లో అయితే, 11వ వెర్షన్ నుంచి, కొన్ని నెలలు తెరవని యాప్‌కి పర్మిషన్లు ఫోనే తీసేస్తది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఉందో లేదో చూడండి. అసలు మెసేజే రాకపోతే? చిన్న యూపీఐ పేమెంట్లకి మెసేజ్ పంపడం మానేసిన బ్యాంకు ఉంది, 2024 జూన్ నుంచి వంద రూపాయల లోపు డెబిట్‌కి పంపట్లేదు. టీ, సమోసా, ఆటో అన్నీ అందులోనే పోతాయి. ఇక యూపీఐ లైట్, అంటే చిన్న ఖర్చులకి ముందే కొంత డబ్బు వేసి పెట్టుకునేది, వాడేవాళ్ళకి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనబడేది లైట్‌లోకి వేసిన మొత్తం ఒక్కటే, తర్వాత దాంట్లోంచి చేసిన చిన్న ఖర్చులు విడివిడిగా రావు. దాన్ని తప్పు అనుకుని వెతక్కండి, యాప్‌లో యూపీఐ లైట్ అని చిన్న పర్సులాంటి అకౌంట్ ఒకటి పెట్టుకుని, బ్యాంకు నుంచి దాంట్లోకి ట్రాన్స్‌ఫర్ అని రాసుకోండి.

ఇప్పుడు యాప్‌లోకి లెక్కలు వచ్చే రెండో దారి, అకౌంట్ అగ్రిగేటర్, అంటే మీరు ఒప్పుకుంటే మీ బ్యాంకు లెక్కని యాప్‌కి చేరవేసే సంస్థ. రిజర్వ్ బ్యాంకు దీనికి రూల్స్ 2016లో ఇచ్చింది, బ్యాంకులు కలిసి జనంలోకి తెచ్చింది 2021 సెప్టెంబర్‌లో. మధ్యలో ఉండే ఈ అగ్రిగేటర్ మీ డేటాని చదవలేదు, తాళం వేసిన కవరు ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో ఇచ్చే పోస్ట్‌మ్యాన్ లాంటిది. దీంట్లో నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఎక్కడా ఇవ్వక్కర్లేదు, ఓటీపీ చాలు. ఏ ఖర్చుల యాప్ అయినా నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అడిగిందంటే అక్కడితో మూసేయండి, నేను దీంట్లో మొండిగా ఉంటా.

దీంట్లో సింక్ ఆగితే నేను చూసే మొదటిది కన్సెంట్, అంటే మీరిచ్చిన అనుమతి. మీరు ఓకే నొక్కినప్పుడు ఎవరూ చదవని ఆ పేజీలో నాలుగు విషయాలుంటాయి, డేటా ఎందుకు, ఎన్ని నెలలది, ఎన్నిసార్లు తీసుకోవచ్చు, ఈ అనుమతి ఏ తేదీ వరకు అని. ఆ తేదీ దాటితే సింక్ చడీచప్పుడు లేకుండా ఆగిపోద్ది, కొన్ని యాప్‌లు మాత్రం పాత బ్యాలెన్స్ అలాగే చూపిస్తూ కూర్చుంటాయి. అగ్రిగేటర్ యాప్‌లోకే వెళ్ళి కన్సెంట్ల లిస్టు చూడండి, ఎక్స్‌పైర్డ్ అనో పాజ్డ్ అనో ఉంటే సంగతి తేలిపోయినట్టే, కొత్తగా ఒప్పుకుంటే సరి. పనిలో పని, ఎప్పుడో లోన్ కోసం ఇచ్చిన పాత కన్సెంట్ ఇంకా నడుస్తుంటే దాన్ని రద్దు చేసుకోండి.

కన్సెంట్ దాకా కూడా వెళ్ళకుండా, అకౌంట్లేమీ దొరకలేదు అని వస్తుందా? అది ఫోన్ నంబరు గొడవ. వెతికేది మొబైల్ నంబరుతోనే, బ్యాంకులో రాసి ఉన్న నంబరూ మీరు టైప్ చేసిన నంబరూ ఒకటి కాకపోతే మీకు అక్కడ అకౌంట్ లేనట్టే. మన దగ్గర ఇది ఎందుకు ఎక్కువంటే, నాన్న గారి అకౌంట్‌కి అబ్బాయి నంబరు ఇచ్చేస్తాం, అబ్బాయి అమెరికా వెళ్ళిపోతాడు, ఆ సిమ్ రీఛార్జ్ లేక పోతుంది. దీనికి యాప్‌లో మందు లేదండి, ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్ళాల్సిందే. మూడు బ్యాంకుల్లో రెండు బాగా వచ్చి ఒకటే రాకపోతే మాత్రం అటువైపు సర్వర్ పడుకుని ఉండొచ్చు, ఒక రోజు ఆగి చూడండి.

బ్యాంకులు కలిసిపోయినప్పుడు వచ్చేది ఇంకో రకం. ఇక్కడ ఆంధ్రా బ్యాంకు వాళ్ళు ఎంతమంది ఉన్నారు? చూశారా, సగం చేతులు లేచాయి. 1923లో బందరులో పుట్టిన బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అంతకు మూడేళ్ళ ముందు అదే తేదీన ఎస్‌బీహెచ్, అంటే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఎస్‌బీఐలో కలిసింది. 2025 జనవరిలో తెలంగాణలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. బ్యాంకు పేరు, ఐఎఫ్ఎస్‌సీ అనే బ్రాంచి కోడ్, మెసేజ్ పంపే పేరు, అన్నీ మారతాయి. యాప్ దాన్ని కొత్త అకౌంట్ అనుకుని పక్కన ఇంకోటి తెరుస్తది, అప్పుడు మీ ఆస్తి రాత్రికి రాత్రి రెట్టింపు. సంతోషపడకండి. పాతది డిలీట్ చేయొద్దు, కలిసిన రోజు నాటి నిల్వని పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ట్రాన్స్‌ఫర్ రాసి పాతది మూసేయండి, చరిత్ర అలాగే ఉంటది.

చివరిగా బ్యాంకు స్టేట్‌మెంట్ ఫైల్ దించుకుని లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకునేవాళ్ళు, గ్నూక్యాష్ లాంటివి వాడేవాళ్ళు. నేనూ ఈ గుంపే, సింక్ కంటే నెలకోసారి ఫైలే నాకు నయం అనిపిస్తది. సీఎస్వీలో, అంటే కాలమ్స్‌ని కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌లో, 03/04 అంటే ఏప్రిల్ 3, సాఫ్ట్‌వేర్ అమెరికా పద్ధతిలో ఉంటే మార్చి 4 చేసేస్తది. 13వ తేదీ నుంచి ఎర్రర్లు ఇస్తుంటే కారణం ఇదే, పదమూడో నెల లేదు కదా. మన లక్షల కామాలు ఇంకో గోల, 1,23,456 అని ఉన్నది మూడు ముక్కలై మూడు కాలమ్స్‌లోకి పోద్ది. ఒక బ్యాంకు ఎక్సెల్ అని ఇచ్చే ఫైల్ నిజానికి ఎక్సెలే కాదు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెరుచుకుంటది, ట్యాబ్‌లు కొట్టిన మామూలు టెక్స్ట్, అది తెలియక ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నా. డబుల్ ఎంట్రీలు అనుమానం వస్తే యూపీఐ లైన్లో 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటది, అది ఒకటైతేనే ఒకే ఎంట్రీ, ఒకే మొత్తం ఒకే రోజు రెండుసార్లు ఉన్నంత మాత్రాన తీసేయకండి, పొద్దున ఇరవై సాయంత్రం ఇరవై టీ తాగి ఉండొచ్చు. క్రెడిట్ కార్డు బిల్లు కట్టింది మాత్రం ఖర్చు కాదు, ట్రాన్స్‌ఫర్, ఖర్చు కార్డు గీకినప్పుడే అయిపోయింది.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు మింట్ అనే ఖర్చుల యాప్ వాడేవాడు, 2024 మార్చిలో దాన్ని మూసేశారు, వాడు ముందే సీఎస్వీ దించుకున్నాడు కాబట్టి పాత లెక్కలు మిగిలాయి. మీరు ఏ యాప్ వాడినా ఎక్స్‌పోర్ట్ ఎక్కడుందో ఇవాళే చూసి పెట్టుకోండి.

సరే, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్ళు ముందు వరసలోకి రండి, స్టేట్‌మెంట్ కూడా తెరిచి పెట్టుకోండి, తేడా ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి. పిన్‌లు, ఓటీపీలు నాకు చెప్పొద్దు, మీరు కొట్టేటప్పుడు నేను గోడ వైపు తిరుగుతా. రాజుగారూ, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి, కాగితాలు ఎగిరిపోతున్నాయి.