మీకు గూడ నైట్ డ్యూటీనా?

(ప్రపంచ నిద్రా దినోత్సవం సాయంత్రం హైదరాబాద్ విద్యానగర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, అక్కడే ఉంటున్న విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, ట్రెజరర్ గారికి, మెయింటెనెన్స్ కట్టినవాళ్లకు, కట్టనివాళ్లకు కూడా నమస్కారం. శుక్రవారం పూట దీపం పెట్టుకుని పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్లకు ఇంకో నమస్కారం. ఏం చేస్తాం, ఈ నిద్రా దినోత్సవం ఏటా శుక్రవారమే వస్తుంది. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు ఉంటుంది కదా, దానికి ముందొచ్చే శుక్రవారం.

నన్నెందుకు మాట్లాడమన్నారో నాకు తెలుసు. ఏ అర్ధరాత్రి ఎవరు ఊరి నుంచి దిగినా మూడో అంతస్తు బాల్కనీలో లైటు వెలుగుతూ కనిపిస్తుంది. నిద్ర గురించి ఈవిడకు బాగా తెలిసుంటుందని అనుకున్నారు. నిజమే. అప్పు చేసినవాడికి వడ్డీ లెక్కలు తెలిసినట్టు తెలుసు. నేను డాక్టర్ని కాదు. 31 ఏళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్న మనిషిని. నాకిచ్చింది 15 నిమిషాలు. చెప్పాల్సింది ఒకటుంది, అది ఏడేళ్లుగా నా గొంతులో ఉంది. దాని దాకా వస్తాను.

ముందు ఆ టీ సంగతి. ఇప్పుడు టైం ఆరున్నర. నిద్ర గురించి మీటింగ్ పెట్టి, ఆరున్నరకు ఇరానీ చాయ్ పోయిస్తున్నారు! పొద్దున లేచినప్పటి నుంచి మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుందట. అది పెరిగేకొద్దీ కళ్లు మూతలు పడతాయి. టీలో ఉండే కెఫీన్ ఏం చేస్తుందంటే, ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు, ఆ అడినోసిన్ కూర్చోవాల్సిన చోట తను కూర్చుంటుంది. తాగినదాంట్లో సగం దిగిపోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. అంటే రాత్రి పదకొండున్నరకు కూడా మీ ఒంట్లో సగం కప్పు చాయ్ ఉంటుంది. తాగండి, వద్దనను. నిద్రపట్టే అదృష్టవంతులు ఏం తాగినా చెల్లుతుంది.

రాముడితో అడవికి వెళ్లిన లక్ష్మణుడు 14 ఏళ్లు రెప్ప వాల్చలేదు, ఆయన వాటా నిద్ర కూడా ఇక్కడ ఊర్మిళ పోయిందని మన ఇళ్లలో పాడుకునేవాళ్లు. నాకు 2011లో నిద్ర పోయింది. లక్ష్మణుడి లెక్క దాటేశాను. నా వాటా నిద్ర ఎవరు పోతున్నారా అని వెతకక్కర్లేదు, మా వారు పక్కనే గురక పెడుతుంటారు. (ఆయన వెనక వరసలో ఉన్నారు, ఇప్పుడు కూడా చూడండి, కునికిపాట్లే.) ఆయనగారి గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేది. అది వేరే జబ్బు, స్లీప్ ఆప్నియా, పరీక్ష చేయించాం. మీ ఇళ్లలో అలాంటి గురక ఉంటే నవ్వుకుని ఊరుకోకండి.

2011లో మా అమ్మ నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉంది. పగలు బ్యాంకు, రాత్రి అమ్మ దగ్గర. సెలైన్ బాటిల్ అయిపోయేలోపు నర్సును పిలవాలి. నిద్రపోతే చూడలేనని చుక్కలు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. నోట్లు లెక్కపెట్టే చెయ్యి, అలవాటేగా. అమ్మ పోయింది. కర్మకాండలయ్యాయి. నేను మాత్రం డ్యూటీ దిగలేదు. రాత్రి రెండయ్యేసరికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ. బాటిల్ చూడాలి కదా!

నెలలో ఒకట్రెండు రోజులు నిద్ర పట్టకపోతే అది జబ్బు కాదు. వారానికి కనీసం మూడు రాత్రులు, కనీసం మూడు నెలలు, పడుకునే వీలున్నా పట్టకపోతే, దానివల్ల పగటి పని పాడైతే అప్పుడు దీర్ఘకాల నిద్రలేమి అంటారు. ఆ పగటి పని అన్న మాటే ముఖ్యం. రాత్రి ఎలాగో గడిచిపోతుంది. కుక్కలు మొరుగుతాయి, ఎవరిదో బరాత్‌లో మర్ఫా మోగుతుంది (రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000లోనే రూల్ వచ్చింది, ఎవరికి పట్టింది), పాలవాడి క్రేట్లు చప్పుడవుతాయి, తొలి ఎంఎంటీఎస్ విద్యానగర్ స్టేషన్లో ఆగుతుంది, అజాన్ వినిపిస్తుంది, తెల్లారుతుంది. అసలు బాధ తెల్లారాకే. ఫ్రిజ్ తలుపు తెరిచి ఎందుకు తెరిచానా అని నిలబడతాం. కూరలో రెండుసార్లు ఉప్పేస్తాం. మనవడు బొమ్మ కింద పడేస్తే పిడుగు పడ్డట్టు ఉలిక్కిపడి వాణ్ణి కసురుతాం.

2016 నవంబర్ 8 మీకందరికీ గుర్తుంది. ఆ రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. ఎల్లుండి పొద్దున బ్యాంకు తెరిచేసరికి లైను రోడ్డు మలుపు తిరిగింది. జనానికి డబ్బు కష్టం, మాకు నిద్ర కష్టం. తక్కినవాళ్లు ఇంటికెళ్లి మొద్దుల్లా పడి నిద్రపోయేవాళ్లు. నేను ఇంటికెళ్లి పొద్దున ఇచ్చిన నోట్లన్నీ మళ్లీ లెక్కపెట్టేదాన్ని, చీకట్లో. మూడో వారంలో ఒకరోజు క్యాష్ టాలీ కాలేదు. 24,000 తక్కువ. అంటే పన్నెండు గులాబీ రంగు నోట్లు. ఎవరికిచ్చానో, ఎలా ఇచ్చానో ఇప్పటికీ తెలీదు. క్యాషియర్ షార్టేజ్ క్యాషియరే కట్టాలి. కట్టాను. మేనేజర్ ఒక మాటన్నాడు, 'మేడమ్, రాత్రిళ్లు సీరియళ్లు తగ్గించండి' అని. ఆ 24,000 మరిచిపోయాను. ఆ మాట మరిచిపోలేదు.

ఇదీ నా ఫిర్యాదు. జ్వరం వస్తే ఎవరూ 'నువ్వు సరిగ్గా ప్రయత్నించడం లేదు' అనరు. నిద్ర పట్టకపోతే అందరూ గురువులే. గసగసాల పాలు తాగు. అరికాళ్లకు నూనె రాయి. తల తూర్పుకు పెట్టు. నూటొకటి నుంచి వెనక్కి లెక్కపెట్టు. అయ్యా, నోట్లు లెక్కపెట్టే మనిషిని లెక్కపెట్టమంటే ఇంకా మెలకువ వస్తుంది! మా ఆడపడుచైతే, ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు కదా, ఒళ్లొంచి పనిచేస్తే అదే పడుతుంది వదినా అంది. అప్పటికి నేను కౌంటర్లో పది గంటలు కూర్చుని, ఇంటికొచ్చి పన్నెండు మందికి పూరీలు వత్తాను. ఆ సామెత చెప్పినవాడికి ఆకలీ ఉంది, నిద్రా ఉంది. రెంటిలో ఒకటి లేనివాడి మాట ఎవరూ సామెత చెయ్యలేదు.

సెక్రటరీ గారు గడియారం చూస్తున్నారు. వస్తున్నాను.

2018లో మనకొక వాచ్‌మన్ ఉండేవాడు. పాలమూరు వైపు మనిషి. పేరు చెప్పను, ఇక్కడ సగం మందికి గుర్తుండే ఉంటుంది. ఇదిగో, ఈ లిఫ్టు పక్క గదిలోనే భార్యా, ఇద్దరు పిల్లలూ. నేను రాత్రిళ్లు బాల్కనీలో నిలబడితే అతను కింద గేటు దగ్గర కుర్చీలో. మొదట్లో తల వంచుకునేవాడు. ఒక రాత్రి తల పైకెత్తి, 'ఏందమ్మా, మీకు గూడ నైట్ డ్యూటీనా?' అన్నాడు. ఏడేళ్లలో నన్ను చూసి సలహా ఇవ్వకుండా, జాలి పడకుండా మాట్లాడిన మొదటి మనిషి. అప్పటి నుంచి దిగి వెళ్లేదాన్ని. ఊళ్లో ఎకరన్నర గురించి, బోరు ఎండిపోవడం గురించి చెప్పేవాడు. నేను అమ్మ గురించి చెప్పేదాన్ని. పగలు అతనికెన్ని పనులో అప్పుడు తెలిసింది. పొద్దున తొమ్మిది కార్లు కడగాలి. ఎవరో గ్యాస్ సిలిండర్ ఎత్తమంటారు, ఇంకెవరో కొత్తిమీర కట్ట తెమ్మంటారు. మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చేలోపు బెల్లు. రోజు విడిచి రోజు మంజీరా నీళ్లు తెల్లవారుజామున వస్తాయి, అప్పుడు లేచి సంపు నింపాలి.

ఒక వారం నాకు వరసగా నాలుగు రాత్రులు కునుకు లేదు. అయిదో రాత్రి మూడూ పావుకు బాల్కనీలోకి వచ్చాను. కింద అతను నిద్రపోతున్నాడు. ఒక కాలు విరిగితే ఇటుక పెట్టిన ప్లాస్టిక్ కుర్చీ. మెడకు మఫ్లర్. నోరు తెరిచి ఉంది. చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది, గేటు మీద గుండ్రంగా పసుపుపచ్చ వెలుతురు. దోమలు ముసురుతున్నా కదలడం లేదు. నా గదిలో 40,000 పెట్టి కొన్న పరుపుంది. నిజం చెబుతున్నాను, ఆ కుర్చీని చూసి నా కడుపు మండిపోయింది. ఒక మనిషి నిద్రను చూసి ఇంకో మనిషి అంత అసూయపడతాడని అంతకుముందు నాకు తెలీదు.

ఆ తెల్లవారుజామున నీళ్లొచ్చాయి, పోయాయి. సంపు నిండలేదు. ఆదివారం ఇక్కడే మీటింగ్. అతను, 'మోటర్ ట్రిప్పయింది సార్' అన్నాడు. నిజమే అయి ఉండొచ్చు. అప్పుడు నేను, ఎవరూ అడక్కుండానే, 'మోటరూ లేదు ఏమీ లేదు, మూడింటికి నేను చూశాను, హాయిగా గుర్రు పెట్టాడు' అన్నాను. హాయిగా. ఆ మాట నాదే. ఈ భవనంలో రాత్రి మూడింటికి సాక్ష్యం చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, చెప్పాను. పదిహేను రోజుల్లో ఖాళీ చేయించారు. పెద్దపిల్ల ఏడో తరగతి, డిసెంబరు నెల. ట్రాలీ ఆటోలో ఒక గ్యాస్ పొయ్యి, రెండు బకెట్లు, మూటలు. నేను పైనుంచి చూస్తున్నాను. అతను పైకి చూసి, 'పోయొస్తనమ్మా. మీరు గూడ జర పండుకోండి' అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే నాకింత బాధ ఉండేది కాదు.

ఆ మీటింగులో ఉన్నవాళ్లు ఇప్పుడు ఇక్కడ ఆరుగురున్నారు, లెక్కపెట్టాను. మిమ్మల్ని అనడానికి కాదు. మంచిదాన్ననుకున్న నేను ఆ మాట ఎలా అన్నానా అని చాలా రోజులు ఆలోచించాను. అప్పుడు కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలనిపించలేదు. సైకియాట్రిస్ట్ అనగానే మా ఆడపడుచు, 'ఎర్రగడ్డకా వదినా?' అని నోరు నొక్కుకుంది. మన ఊళ్లో ఆ మానసిక ఆసుపత్రి పేరు తిట్టయిపోయింది, అక్కడికి వెళ్లి బాగైనవాళ్లు ఎందరున్నా.

అప్పటికే నేను రెండేళ్లుగా ఆల్ప్రాజోలం అనే మత్తు బిళ్ల మింగుతున్నాను, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని. అర బిళ్లతో మొదలై ఒకటిన్నరకు వచ్చింది. ఒకసారి తిక్కపుట్టి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణికాయి. దాన్ని అలా మానకూడదు, డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. పెద్దవాళ్లు ఆ మత్తులో రాత్రి బాత్రూంకి లేచి పడిపోతారు, తుంటి విరుగుతుంది.

డాక్టర్ నా చేత రెండు వారాలు డైరీ రాయించింది. తొమ్మిదికే మంచం ఎక్కుతున్నాను, ఆరుకు దిగుతున్నాను. మంచం మీద తొమ్మిది గంటలు, నిద్ర అయిదున్నర. 'మీకు ఈ జబ్బు తెచ్చింది అమ్మగారి రోగం. దాన్ని ఉంచింది మీరు చేసిన వైద్యం' అంది. అంటే పెందలాడే పడుకోవడం, మధ్యాహ్నం కునుకు, సెలవురోజు తొమ్మిది దాకా దొర్లడం. ఈ లెక్క ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1987లో చెప్పాడట. అతని పద్ధతి వింటే నవ్వొస్తుంది. నిద్ర పట్టనివాళ్లను ఇంకా తక్కువసేపు పడుకోమంటాడు! నాకు రాత్రి పన్నెండు నుంచి అయిదున్నర దాకా మాత్రమే మంచం. ఇరవై నిమిషాలు పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి. గడియారం చూడకూడదు. ఎంత తక్కువ పడుకున్నా అయిదున్నరకు లేవాల్సిందే. మంచం మీద గడిపినదాంట్లో 85 శాతం నిద్రయితే వారానికో పావుగంట పెంచుతారు. ఇలా మందుల్లేకుండా అలవాట్లూ ఆలోచనలూ మార్చే వైద్యాన్ని సీబీటీ-ఐ అంటారు. మాత్రల కంటే ముందు ఇదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లోనే చెప్పింది.

మొదటి రెండు వారాలు నరకం. కారు నడపొద్దంది డాక్టర్, నడపలేదు. సాయంత్రం ఏడింటికి సోఫా నన్ను పేరు పెట్టి పిలిచేది. మూర్ఛ, బైపోలార్ లాంటివి ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా చెయ్యకూడదు. ఆరో వారంలో ఒకరోజు అలారం మోగితే ఏమిటా చప్పుడు అనుకున్నాను. ఎనిమిదేళ్లలో మొదటిసారి అలారం నన్ను లేపింది! పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ నెలకు అయిదారు రాత్రులు బాల్కనీలో లైటు వెలుగుతుంది. దానితో యుద్ధం మానేశాను, అంతే. ఎవరికైనా మనసు బాగోక నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అతని కోసం వెతికించాను. ఫోన్ నంబరు మారిపోయింది. ఒకసారి తార్నాక సిగ్నల్ దగ్గర అతనేననుకుని ఆటో దిగి పరుగెత్తాను. కాదు.

అయిపోయింది సెక్రటరీ గారూ, ఒక్క తీర్మానం. ఇప్పుడు కెటిల్ పట్టుకుని తిరుగుతున్న అబ్బాయి, అదుగో, రాత్రంతా గేటు దగ్గరుండి, పొద్దున కార్లు కడిగి, ఇప్పుడు మనకు నిద్ర మీటింగులో చాయ్ పోస్తున్నాడు. బాబూ, అది కింద పెట్టి ఇలా కూర్చో. నేనడిగేది రెండే. పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా అతని గది తలుపు ఎవరూ తట్టకూడదు. సిలిండరైనా, కొత్తిమీరైనా, సంపైనా. వారంలో ఒక రాత్రి సెలవు, ఆ రాత్రి ఏజెన్సీ మనిషిని పెడదాం. ఫ్లాటుకు నెలకు 150 పడుతుంది, లెక్కేశాను, ఆ పనిలో నన్ను నమ్మొచ్చు. రిటైరయ్యాక షార్టేజ్ రాలేదు.

ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. ఎత్తండి, నేను లెక్కపెడతాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది... మావారూ, లేవండి, చెయ్యెత్తండి. పది. నాలుగో అంతస్తువాళ్లూ, టీ కప్పు ఎడమ చేతికి మార్చుకుంటే సరిపోతుంది.