సుత్తి దెబ్బ నాణెం, అంచు మీద కత్తెర

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండును ఒకటో ఎలిజబెత్ రాణి ఏలిన కాలంలో ఆరు పెన్నీల వెండి నాణెం ఒకటుండేది. సిక్స్‌పెన్స్. మన పది రూపాయల బిళ్ళకు ఇంచుమించు అంత వెడల్పు, మందం మాత్రం అందులో సగం కూడా ఉండదు. 1561 నుంచి దాని మీద సంవత్సరం వేశారు, రాణి తల వెనకాల చిన్న గులాబీ పెట్టారు. వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి, మిగతాది రాగి. తూకం 3.1 గ్రాములు.

ఎలా కొట్టేవారు? కరిగించిన వెండిని రేకుగా సాగగొట్టి, కత్తెరతో ముక్కలు కోసి, అంచులు తట్టి గుండ్రం చేసేవారు. కొట్టిన కొద్దీ వెండి బిరుసెక్కుతుంది. అందుకే మధ్యమధ్య ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. అది సరిగ్గా చెయ్యకపోతే ముద్ర వేసేటప్పుడు అంచు పగులుతుంది. ఆ పగుళ్ళు ఈనాటికీ కనిపిస్తాయి.

అచ్చులు రెండు. కింది అచ్చుకు మేకులాంటి తోక ఉంటుంది, దాన్ని చెక్కమొద్దులో దిగ్గొడతారు. మధ్యలో బిళ్ళ, పైన రెండో అచ్చు, దాని నెత్తిన సుత్తి దెబ్బ. దెబ్బ నేరుగా తినేది పై అచ్చు కాబట్టి ముందు అరిగేదీ అదే. రెండో దెబ్బకు బిళ్ళ కాస్త కదిలిందా, రాణిగారికి రెండు ముక్కులు!

చుట్టూ పట్టి ఉంచే కట్టు లేదు, అంచున గీతలు లేవు. పక్కా గుండ్రం ఏ నాణేనికీ లేదు. మోసగాళ్ళకు కావలసింది అదే. అంచు చుట్టూ సన్నగా కత్తిరించి వెండి దాచుకుని, నాణేన్ని పూర్తి విలువకే చలామణీ చేసేవారు. రాజద్రోహం కింద మరణశిక్ష ఉన్నా కత్తెర ఆగలేదు.

అదే 1561లో ఎలోయ్ మెస్ట్రెల్ అనే ఫ్రెంచివాడు లండన్ టవర్ టంకశాలలో మరతో చక్కటి గుండ్రటి నాణేలు తీశాడు. పని నెమ్మది అన్నారు, పాత పనివాళ్ళకు గిట్టలేదు. 1572లో తీసేశారు. 1578లో దొంగనాణేల నేరం మీద ఉరితీశారు. నాకైతే ఆ మరను వదులుకోవడం తెలివితక్కువ పనే అనిపిస్తుంది. సుత్తి 1662 దాకా సాగింది.

ఇలాంటి నాణెం చేతికొస్తే ఏం చూడాలి? అంచు చూడండి. ఒకవైపు అక్షరాలు తెగి, ఎదురువైపు ఖాళీ వెండి ఎక్కువగా ఉంటే అది కత్తెర కాదు, అచ్చు పక్కకు పడింది, అంతే. ఖాళీ ఎక్కడా లేకుండా చుట్టూ అక్షరాల తలలు తెగి ఉంటే అనుమానించండి. తర్వాత తూయండి. బాగా అరిగిన నాణెం బరువు తగ్గడం మామూలే. రాణి ముఖం, జుట్టు స్పష్టంగా ఉండి తూకం మాత్రం రెండున్నర గ్రాములకు పడిపోతే, అది కత్తెర పనే. అంచు వెంట సన్నటి అతుకుగీత కనిపిస్తే మాత్రం అది సుత్తి నాణెమే కాదు, మూసలో పోసిన నకిలీ.