లోకల్ చానల్‌ల సినిమా ఏడవోయింది?

హోస్ట్: అన్నా, నల్గొండల గానీ పాలమూరుల గానీ ఒకప్పుడు లోకల్ చానల్ అంటే పొద్దంతా సినిమాలే. ఇప్పుడు పెడితే పైన జాతర, కింద స్క్రోలింగ్. జనం టేస్టు మారిందంటరా?

గెస్ట్: టేస్టు కంటే ముందు వైరు మారింది తమ్మీ. అనలాగ్ రోజులల్ల, అంటే సెట్‌టాప్ బాక్సులు రాకముందు, ప్లేయర్‌కు ఒక మాడ్యులేటర్ (బొమ్మను కేబుల్ సిగ్నల్‌గ మార్చే డబ్బా) తగిలిస్తే చానల్ అయిపోయె. కేబుల్ టీవీని డిజిటల్‌ల మార్చే ఆఖరి, నాలుగో దశ గడువు 2017 మార్చి 31. ఆడికెల్లి మన వీడియో ఎన్‌కోడర్ల పడి డిజిటల్ అయి, ఎంఎస్‌ఓ (పెద్ద కేబుల్ కంపెనీ) హెడ్‌ఎండ్‌కు, అంటే చానళ్లన్నీ కలిపి పంపే సెంటర్‌కు పోవాలె, సెట్‌టాప్ బాక్సుల చానల్ నంబర్ దొరకాలె. సినిమాకు హక్కులు కొనాలె, కొన్నా అదే బొమ్మ శాటిలైట్ చానల్‌ల ఇంకా మంచిగ వస్తది. మాఘంల చెర్వుగట్టు జాతర, దీపావళి దాటినంక కురుమూర్తి జాతర, మార్కెట్ల బత్తాయి రేటు... గివి పొద్దంతా చూపెట్టేటోళ్లు వేరే లేరు.

హోస్ట్: మరి 24 గంటలు ఎట్ల నింపుతరు?

గెస్ట్: 24 ఎవరు నింపుతరు? 6 గంటలు నింపి నాలుగు సార్లు తిప్పుతరు. వార్తలు మాత్రం ప్రతి చక్కర్‌కు మార్చాలె, పొద్దటి రేటు రాత్రి నడిస్తే ఫోన్లు మోగుతయి. ప్లేలిస్ట్ 5 గంటల 58 నిమిషాలకే అయిపోతే 2 నిమిషాలు నల్లతెరే. అందుకే 30 సెకన్ల ఫిల్లర్లు, అంటే ఖాళీ నింపే చిన్న వీడియోలు కొన్ని పక్కకు పెట్టుకోవాలె.

హోస్ట్: రికార్డింగ్ కూడా దాయాల్నట గదా?

గెస్ట్: కేబుల్ లోకల్ చానళ్లకు కేంద్రం ఇచ్చిన 2022 నవంబర్ మార్గదర్శకాల ప్రకారం 90 రోజులు. వీడియో 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) లెక్కన రోజుకు 21.6 జీబీ, మొత్తం దగ్గర దగ్గర 2 టీబీ. హార్డ్ డిస్క్ కొనేటప్పుడే 4 టీబీది కొనుర్రి.

హోస్ట్: జనం పంపే బతుకమ్మ వీడియోలు?

గెస్ట్: అసలు తిప్పలు ఆడనే. ఫోన్ ఫ్రేములను ఒకే వేగంల తీయదు, వెలుతురు తగ్గితే వేగం తగ్గిస్తది. గట్లనే ఎక్కిస్తే పాట ఒకతాన, చప్పట్లు ఒకతాన. ముందుగాల సెకనుకు 25 ఫ్రేములకు కన్వర్ట్ చేయాలె. నిలువు వీడియోను అడ్డం సాగదీస్తే మనుషులు పొట్టిగ, లావుగ కనిపిస్తరు, ఆడోళ్లు ఊకోరు! పక్కలకు అదే వీడియోను మసక చేసి నింపుర్రి.

హోస్ట్: స్క్రోలింగ్?

గెస్ట్: చానల్‌కు బువ్వ పెట్టేది అదే. ప్లాట్లు, స్కూలు అడ్మిషన్లు. కింది అంచుకు మాత్రం ఆనించొద్దు, తెర ఎత్తుల 10 శాతం వదలాలె. పాత డబ్బా టీవీలు అంచులు కోస్తయి, ఫోన్ నంబరే తెగిపోతది. ఇగ యాడ్ ఇచ్చినోడు పైసలియ్యడు.