క్లాక్ టవర్ ముచ్చట్లు: ప్రకాశం బజారు, సైకిల్ దారి, కొంచెం కొట్లాట

యాదగిరి: నమస్తే నల్గొండ. ఇవాళ ప్రకాశం బజారు ముచ్చట. గిరాకీ మళ్లీ ఎట్లా రావాలి, సైకిళ్లకు దారి ఎక్కడ తీయాలి...

సుజాత: అన్నా, ముందే చెప్తున్నా. చింతచెట్టు ముచ్చట తీయొద్దు.

యాదగిరి: తీయను.

సుజాత: మొన్న అల్లం చాయ్ ముచ్చట నాడు కూడా ఇట్లనే అన్నావు.

యాదగిరి: (నవ్వు) సరే. రెండు మీటర్ల సైకిల్ దారి కావాలి. ఎక్కడైనా అడిగేది అంతే.

సుజాత: గీత గీస్తే పొద్దుగూకే లోపల దాని మీద స్కూటర్లే ఉంటాయి.

యాదగిరి: మరి గిరాకీకి వచ్చినోళ్లు బండి నెత్తిన పెట్టుకోవాల్నా?

సుజాత: గిరాకీ వాళ్లవా? మొన్న పొద్దున పదింటికి గాజుల షాపు మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టిన. పదకొండు బండ్లు. అందులో ఎనిమిది షాపుల వాళ్లవే. పొద్దున పెడితే రాత్రి షట్టర్ దించేదాకా కదలవు.

యాదగిరి: అట్లా ఒక్కరోజు చూసి...

సుజాత: ఒకటి నీది.

యాదగిరి: ...

సుజాత: నల్లది. అద్దం విరిగింది.

యాదగిరి: బట్టల మూటలు మోసేటోన్ని చెల్లె. ఇంటి దగ్గర పెట్టి నడిచి రమ్మంటావా?

సుజాత: మూట దించినాక బండికి షాపు ముందు ఏం పని? ఒక కారు నిలిచే జాగాలో పది సైకిళ్లు పడతాయి.

యాదగిరి: సైకిల్ మీద వచ్చి పట్టుచీర కొనేదెవరు?

సుజాత: చీర కొనరేమో. బడి పిల్లలు నోట్‌బుక్కులు కొంటారు, మేస్త్రీ పని వాళ్లు టిఫిన్ చేస్తారు. నీకు సైకిల్ అంటే హెల్మెట్ పెట్టుకుని ఆదివారం తిరిగేదే గుర్తొస్తది.

యాదగిరి: నేను ఆ మాట అన్ననా?

సుజాత: మొహం అన్నది. మీ షాపుల మెట్ల సంగతి కూడా చెప్పు. మోరీ మీద బండ పరిచి, దాని మీద మెట్టు, మెట్టు మీద బొమ్మ. నడిచేటోళ్లు రోడ్డు మీదికి, సైకిలోళ్లు లారీ కిందికి.

యాదగిరి: తోపుడు బండ్లను ఎందుకు అనవు?

సుజాత: వాళ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. ఊరి వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం వాళ్లే ఉండాలి. మీ మెట్లకు ఏ చట్టం ఉంది?

యాదగిరి: ...సరే, మెట్టు తీస్తా. ఒక్క మాట చెప్పనియ్యి. హైదరాబాద్‌లో అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. పైన సోలార్ పలకల కప్పు. అంటే ఏంది? నీడ! మే నెలల మన ఎండకు నీడ లేకుండా ఎవరు తొక్కుతరు? అందుకే చింత...

సుజాత: తీసినావు.

యాదగిరి: చింతచెట్టు ఉన్నప్పుడు దాని కింద కిరాయి సైకిళ్ల షాపు ఉండె గదా. గంటకు యాభై పైసలు.

సుజాత: ...నాన్న అక్కడనే పంక్చర్లు వేసేది. ట్యూబు బకెట్లో ముంచి బుడగ ఎక్కడొస్తే అక్కడ బొటనవేలు పెట్టి, నన్ను పట్టుకోమనేది. వేలు తీస్తే తిట్టు.

యాదగిరి: తెలుసు. నేను సీటు అందక దండె కింద నుంచి కాలు పెట్టి తొక్కేటోన్ని. ఏడో నంబరు. బెల్ లేదు దానికి.

సుజాత: ఏడుకు స్టాండ్ లేదు. బెల్ లేనిది నాలుగు.

యాదగిరి: ఏడే.

సుజాత: నాలుగన్నా. గోడకు ఆనించి పెట్టేది ఏడు.

యాదగిరి: ఆగు, అమ్మకు ఫోన్ చేస్తా.