నీళ్ల గురించి అడగని ఫారం

(తిరుపతిలోని ఒక మహిళా కళాశాలలో, బాలింతల సర్వేకు వెళ్లబోతున్న విద్యార్థినులకు జరిగిన శిక్షణలో ఒక విశ్రాంత ఏఎన్ఎం (పల్లెల్లో ఇంటింటికీ తిరిగి తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే నర్సు) చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, అమ్మాయిలందరికీ నమస్కారం. శాలువా తర్వాత కప్పండి, ముందు నన్ను మాట్లాడనివ్వండి.

సర్వే ఎందుకు చేయాలో చెప్పమని పిలిచారు. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోయారు, మన రాష్ట్రంలో 45 మంది. నేను ఉద్యోగంలో చేరిన రోజులతో పోలిస్తే ఇది చాలా పెద్ద మార్పు. కానీ ఆ లెక్క చనిపోయిన తల్లి గురించి చెబుతుంది. బతికిన తల్లి ఎలా బతుకుతోందో తెలియాలంటే ఆమెనే అడగాలి. అమెరికాలో 1987 నుంచి ప్రామ్స్ అనే సర్వే ఈ పనే చేసింది, కాన్పైన రెండు నుంచి ఆరు నెలల మధ్య తల్లులను పలకరించింది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలైంది. అది గొప్ప సర్వే. అయితే అందులో అయిదేళ్ల కిందటి కాన్పుల గురించి కూడా అడుగుతారు. బిడ్డను మొదటి గంటలోనే రొమ్ముకు పట్టారా, ముర్రుపాలు పట్టారా, పిండేశారా అన్నది అన్నేళ్ల తర్వాత ఎంతమందికి సరిగ్గా గుర్తుంటుంది? అందుకే మీరు పచ్చి బాలింతల దగ్గరికి వెళ్తున్నారు. మంచి పని.

ఇక నేను చెప్పాలనుకుని వచ్చిన మాట చెబుతాను.

కార్వేటినగరం వైపు ఒక పల్లె. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కాన్పై పన్నెండో రోజు. బాలింత లోపలి గదిలో ఉంది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీ మూసేశారు. అత్తగారు గడపలో కూర్చున్నారు. నేను ఏది అడిగినా ఆవిడే జవాబు చెప్పారు. జ్వరమా? లేదమ్మా. పాలు పడుతున్నాయా? బాగా పడుతున్నాయి. మాత్రలు వేసుకుంటోందా? వేసుకుంటోంది. గళ్లన్నీ నింపాను. ‘తల్లి ఆరోగ్యం: బాగుంది’ అని రాసి రిజిస్టరు మూశాను.

ఇంతలో అత్తగారిని పక్కింటివాళ్లు పిలిచారు. ఆవిడ అటు వెళ్లగానే ఆ పిల్ల లేచి గోడ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పెదవులు పగిలి ఉన్నాయి. ‘అక్కా, మీ సంచిలో నీళ్లు ఉన్నాయా?’ అంది. సీసా తీసి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని ఆపకుండా తాగింది. గడ్డం మీదుగా కారిన నీళ్లను కూడా అరచేత్తో తుడిచి నాకింది. రోజుకు రెండు చిన్న గ్లాసులు, అవీ కాచినవి, అంతే ఇస్తున్నారట. నాలుగు రోజులుగా విరేచనం లేదు, మూత్రంలో మంట.

నా రిజిస్టరులో నీళ్ల గడి లేదు.

బాలింత నీళ్లు తాగితే పొట్ట జారుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని మన పల్లెల్లో చాలామంది నమ్మారు. ఆ అత్తగారిని నేను తప్పుపట్టను. ఆవిడను కూడా అలాగే ఎండబెట్టారు, ఆ సంగతి తర్వాత ఆవిడే చెప్పి కళ్లు తుడుచుకున్నారు. కానీ కాన్పైన కొత్తలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎటూ ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే అది ఇంకా పెరుగుతుంది. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ నీళ్లు కావాలి.

మాత్రల సంగతీ అంతే. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ‘ఐరన్ మాత్రలు అందాయా?’ అంటే అందాయంటారు. ‘నిన్న వేసుకున్నారా? అట్ట చూపిస్తారా?’ అని అడగండి. నేను చూసిన అట్టల్లో సగం బియ్యం డబ్బా వెనక నిండుగా ఉండేవి. కడుపులో తిప్పుతుందని మానేశామని అప్పుడు చెబుతారు. చెప్పినందుకు కోప్పడకండి, దయచేసి.

ఇంకొకటి, మరిచిపోయేలోపు చెబుతాను. మీ జాబితాలో అత్తగారి ఊరి చిరునామా ఉంటుంది. తొలి కాన్పుకు పిల్ల పుట్టింట్లో ఉంటుంది. నగరి, సత్యవేడు వైపు అయితే ఆ పుట్టిల్లు తమిళనాడులో కూడా ఉండవచ్చు. తాళం చూసి ‘అందుబాటులో లేరు’ అని రాసి వచ్చేయకండి. ఫోను నంబరు అడగండి. బిడ్డ దక్కని తల్లి ఇంటిని కూడా దాటిపోకండి. ఆమె కూడా బాలింతే. ఆశా కార్యకర్త మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు వెళ్లాలన్నది పసిబిడ్డ కోసం పెట్టిన లెక్క. బిడ్డ లేని ఇంటికి ఎవరు వెళ్తారు? పాలు గడ్డకట్టి నొప్పితో పడి ఉన్న తల్లిని నేను ఇరవయ్యో రోజున చూశాను. అంతవరకూ ఎవరూ ఆ గడప తొక్కలేదు, నేను కూడా.

ప్రిన్సిపాల్ గారూ, పొద్దున మీ ఫారం చూశాను. నలభై ప్రశ్నలున్నాయి. ఇంకా అచ్చుకు పంపలేదని అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ‘నిన్న పొద్దుటి నుంచి ఈ పూట వరకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు?’ అన్న ఒక్క ప్రశ్న చేర్చండి. ‘జవాబు చెప్పింది ఎవరు? తల్లా, ఇంకొకరా?’ అని పక్కన ఒక గడి పెట్టండి. కింద ఆమె తన మాటల్లో చెప్పింది రాసుకోవడానికి నాలుగు ఖాళీ గీతలు వదలండి. కాగితం ఖర్చు పెరుగుతుందంటే, ఈ శాలువా డబ్బు అందులో కలపండి.