కొర్రలు ఇంటికొస్తాయి, పత్తి పైసలు ఎటు పోతాయి?

అక్కలందరికీ నమస్కారం. చిరుధాన్యాలు తింటే బలమని, షుగర్ అదుపులో ఉంటుందని నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు కాబట్టి మళ్ళీ అదే చెప్పి మీ టైం తినను. నేను డబ్బు సంగతి మాట్లాడతాను. ఏ పంట వేస్తే పైసలు ఎవరి చేతిలో పడతాయి అన్నది.

పత్తినే చూడండి. విత్తనం ప్యాకెట్ ఉద్దెర, మందు ఉద్దెర, కలుపు తీసేదీ పత్తి ఏరేదీ మనం, తీరా ట్రాలీ ఎక్కి మిల్లుకు పోయాక డబ్బు పడేది మాత్రం భూమి పాసుబుక్కు ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఖాతాలో. ఆగస్టులో వాన మొహం చాటేసిందా, పంట పోతుంది, ఉద్దెర ఉంటుంది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత మహిళా సంఘాలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 1980ల నుంచి వేరే దారి పట్టాయి. కాలువ నీళ్ళు లేని చెలకలవి. ఒకే చేనులో జొన్న, కొర్ర, సామ, కంది, పెసర, అనుములు, నువ్వులు కలిపి వేస్తారు. కొర్ర మూడు నెలలకే చేతికొస్తుంది, కంది ఆరు నెలలైనా ఓపిగ్గా నిలబడుతుంది, దాని వేరు లోతుకు పోతుంది కదా. నడుమ వాన ఎగ్గొడితే పెసర పోవచ్చుగాక, ఆఖర్లో ఒక్క వాన పడినా కంది తేరుకుంటుంది. అన్నీ ఒక్కసారే పోవు. పైగా ఈ పంట లారీ ఎక్కదు, కొంచెం కొంచెంగా ఇంటికొస్తుంది, ఎంత దాచాలి, ఎంత అమ్మాలి అని కొలిచేది ఆడమనిషే.

విత్తనం కూడా అంతే. బూడిద, వేపాకు కలిపి గుల్లలో పోసి, మూతి మట్టితో మెత్తి పెడతారు. సంఘంలో విత్తనం తీసుకున్నామె పంట వచ్చాక రెండింతలు తిరిగి కొలవాలి. వడ్డీ లెక్కన చూస్తే ఘోరమే! కానీ అది షావుకారు ఇంటికి పోదు, మరుసటి ఏడు ఇంకొకామె చేనుకు పోతుంది. పడావు పడ్డ భూములు దున్ని, ఆ జొన్నలతో ఊళ్ళోనే సొంత రేషన్ నడిపారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు, 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది.

అంతా బాగుందని మాత్రం నేననను. కొర్రలు, సామలు పొట్టు తీయడం ఎంత చాకిరో మీకు తెలుసు, రెక్కలు పడిపోతాయి. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, సంతోషమే, కానీ పట్నం షాపులో కొర్ర బియ్యం ధర చూడండి, మన కల్లంలో కొర్రలకు ఇచ్చే ధర చూడండి. నడుమ తేడా అంతా పొట్టు తీసే మిషను దగ్గర, ప్యాకెట్ దగ్గర ఆగిపోతోంది. కాబట్టి ఈసారి మన మహిళా సంఘాల సమాఖ్య లోను వస్తే తలా ఇంత పంచుకుని చీటీలకు కట్టే బదులు (నవ్వకండి, నాకు తెలుసు) రెండు మూడు ఊళ్ళు కలిసి ఒక చిన్న మిషను పెట్టుకునే మాట ఆలోచించండి.

ఇక భూమి. ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో సమాన హక్కు అని ఎన్టీఆర్ హయాంలోనే, 1985 నుంచి వర్తించేలా మన దగ్గర చట్టం వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా పుట్టింట్లో వాటా అడిగితే అన్నదమ్ములతో మాటలు పోతాయని ఎంతమంది నోరు మూసుకున్నామో చేతులెత్తమని అడగను. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఏం జరిగింది? పాసుబుక్కు ఉన్నవాళ్ళకే డబ్బు పడింది, కౌలు చేసే ఆమెకు పైసా రాలేదు. బ్యాంకుకు పోతే పంట లోనుకూ అదే కాగితం అడుగుతారు.

అందుకే వచ్చే మీటింగ్‌కు ప్రతి ఒక్కరూ ఇంట్లో ఉన్న పాసుబుక్కు జిరాక్స్ తెండి. ఎవరి పేరున ఎన్ని గుంటలున్నాయో సమాఖ్య రిజిస్టర్‌లో రాద్దాం. ఎందుకని ఇంట్లో మగవాళ్ళు అడిగితే లోను కోసమని చెప్పండి, అబద్ధమేం కాదు.