బాధలో ఉన్నవాళ్ల దగ్గర ఏం మాట్లాడాలి? | హాస్పిటల్ వాలంటీర్ ముచ్చట్లు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ వ్లాగ్ మొత్తం కారులోనే. లోపల పేషెంట్ల దగ్గర కెమెరా తీయకూడదు, తీయాలని నాకూ లేదు. "అక్కా, హాస్పిటల్‌కి వెళ్లి ఏం చేస్తారు, పూజలా?" అని చాలామంది అడుగుతున్నారు.

కాదండీ. ఇక్కడ అమెరికాలో చాలా పెద్దాసుపత్రుల్లో చాప్లెయిన్ అని ఒకరుంటారు. ఏ మతం వాళ్లదైనా, అసలు మతమే లేనివాళ్లదైనా, మనసులో గోడు వినడం వాళ్ల పని. మతం మార్చడం మాత్రం కానే కాదు, ముందే చెప్పేస్తున్నా. దీనికి సీపీఈ (క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్) అని ఒక చదువుంది, ఒక్క యూనిట్‌కే 400 గంటలు. ఈ చదువుకి ఆద్యుల్లో ఒకరైన యాంటన్ బోయిసెన్ తనే మానసిక జబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చినాయన. 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్లో విద్యార్థులకి నేర్పడం మొదలుపెట్టాడు. నేను ఉత్త వాలంటీర్నే, చాప్లెయిన్‌కి తోడుగా వెళ్తా.

తలుపు తట్టి, చేతులకి శానిటైజర్ రాసుకుని, "ఇప్పుడు రావచ్చా, తర్వాత రమ్మంటారా?" అని అడుగుతాం. వద్దంటే వచ్చేస్తాం. పొద్దున్నుంచి సూదులకీ స్కాన్లకీ చెయ్యి చాపుతున్న మనిషి, వద్దు అనగలిగేది మమ్మల్నే మరి! రమ్మంటే కుర్చీ లాక్కుని కూర్చుంటాం. నిలబడి పైనుంచి మాట్లాడం.

నాకు మనవాళ్ల గదుల్లోనే ఇబ్బంది. పరామర్శకొచ్చినవాళ్లు మంచం పక్కనే నిలబడి "పూర్వజన్మ కర్మ, ఏం చేస్తాం" అనేస్తారు. ప్రేమతోనే అంటారు. కానీ బిడ్డని పోగొట్టుకున్న తల్లి చెవికి అది 'తప్పు నీదే' అన్నట్టు తగులుతుంది. అదేంటని అడిగితే, గీతలో ఉంది కదా అంటారు.

సరే, ఆ గీతే తీయండి. మొదటి అధ్యాయం పేరే విషాదయోగం. అందులో కృష్ణుడు అన్నది ఒక్క మాట, ఇక్కడ చేరిన కౌరవుల్ని చూడు పార్థా అని. ఆ తర్వాత అర్జునుడు నోరెండిపోతోంది, గాండీవం జారిపోతోంది అంటూ చెప్పుకుపోతుంటే అడ్డు రాలేదు. రెండో అధ్యాయంలో ఓ చిన్న చీవాటు ఉందిలెండి, అది స్నేహితుడి చనువు. అసలు బోధ మొదలయ్యేది 11వ శ్లోకంలో. అదీ "నీ శిష్యుణ్ణి, నాకు చెప్పు" అని అర్జునుడు అడిగాక. మనం ఎవరూ అడక్కుండానే 11వ శ్లోకం నుంచి అందుకుంటాం! బైబిల్లో అన్నీ పోగొట్టుకుని కూలబడ్డ యోబు అనే ఆయన స్నేహితులూ అంతే, ఏడు రోజులు నేల మీద ఊరికే పక్కన కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు విప్పాకే చెడింది.

అడిగితే తప్పకుండా ప్రార్థన చేస్తాం. సహస్రనామం చదవమంటే కూర్చుని చదువుతా.

ఒక్క విషయంలో జాగ్రత్తండీ. "బతకాలని లేదు" అన్న మాట వస్తే స్తోత్రాలతో సరిపెట్టకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అమెరికాలో ఇలాంటప్పుడు ఆదుకునే హెల్ప్‌లైన్ 988కి కాల్ చేయొచ్చు, టెక్స్ట్ కూడా చేయొచ్చు. ఇంగ్లీష్ తడబడితే కాల్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. సాయం అందేదాకా ఆ మనిషి పక్కనుంచి కదలకండి.